అమాస నాటి జాంబవంతుడు

నాగర్‌కర్నూల్,
12 ఆగస్టు 2025

మహారాజశ్రీ నరేందర్ మామయ్య గారి పాదపద్మాలకు, తమ అక్క కొడుకు ఉమేష్ సాష్టాంగపడి రాయునది.

క్షమించాలి. ముందుగా తమరు క్షమించాలి. తరువాత శ్రీరామచంద్రుడు క్షమించాలి. ఆయన వెనక వరుసగా సుగ్రీవుడు, అంగదుడు, వానరసేన మొత్తం క్షమించాలి. ఆదివారం నాడు గద్వాల ఫంక్షన్ హాల్లో నేను లేచినప్పుడు కిర్రుమన్న ప్లాస్టిక్ కుర్చీ కూడా క్షమించాలి. ఇంత పాపాత్ముడికి ఫోనెందుకని తమరు నా నంబరు బ్లాక్ చేశారు. 'మన ఇల్లు' గ్రూపులోంచి కూడా తీసేశారు. న్యాయమే. కనుక తపాలా శాఖ వారి కవరును ఆశ్రయించాను. కవర్లమ్మే ఆవిడ "కొలువుకు పెడుతున్నవా కొడుకా?" అని జాలిగా అడిగింది. "కాదమ్మా, శాపవిమోచనానికి" అన్నాను.

ఇంతకూ నా అపరాధమేమిటి? తమరు హైదరాబాదు నుంచి ప్రశాంత్ గురూజీని పిలిపించి, తమ మగ్గాల మీద నేసేవాళ్ళందరినీ కూర్చోబెట్టి, 'పురాణాలతో ప్రగతి' అని పాఠం చెప్పించారు. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పుకునేవాణ్ణి కదా, నాలుగు ముక్కలు నేర్చుకుందామని వెనక వరుసలో కూర్చున్నాను. ఆయన ఏం చెప్పాడు? సంజీవని కోసం పోయిన హనుమంతుడు సెలవడగలేదన్నాడు, బస్సు ఛార్జీ అడగలేదన్నాడు. వారధి కట్టిన వానరులు అమావాస్యకు పని ఆపలేదన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే తమరు మైకు అందుకుని, ఇకమీదట మన మగ్గాలకు అమావాస్య సెలవు లేదని ప్రకటించారు.

నేను అడిగిందల్లా ఒక్క సందేహం. "గురూజీ, కుంభకర్ణుడికి ఏడాదిలో ఆరు నెలలు సెలవిచ్చిన సంస్థ లంక ఒక్కటే. అయినా లేపగానే లేచొచ్చి యజమాని కోసం ప్రాణమిచ్చాడు. ఈ లెక్కన సెలవులిచ్చేవాడికే విశ్వాసం ఎక్కువ దక్కుతుంది కదా?" దానికి జనం నవ్వితే నా తప్పా? తమ మగ్గం నేసే మాసయ్యకు నవ్వి నవ్వి పొలమారితే నీళ్ళిచ్చింది కూడా నేనే.

ఒక్క మాట నవ్వకుండా రాస్తాను. ఆ గురువు ఏకలవ్యుడి కథ ఎత్తుకున్నాడు. బొటనవేలు కోసిచ్చినవాడే అసలైన ఉద్యోగి అన్నాడు, చప్పట్లు కొట్టమన్నాడు. మామా, ఎవరి ముందర చెప్పాడా కథ? బొటనవేలితో పట్టుపోగు మెలేసి బతికేవాళ్ళ ముందర. మా అమ్మ చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ కొంగులో దాచుకుని కూర్చుంది. అది తమరు చూడలేదు.

అమావాస్య ఒక్కటే మా అమ్మ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టని రోజు. ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గరికి పోయి, కృష్ణలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. సెలవెరుగని హనుమంతుడి పేరు చెప్పి, ఆ హనుమంతుడి దగ్గరికే పోనివ్వకపోతే ఎట్లా? ప్రకటన వెనక్కి తీసుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ శాపగ్రస్త మేనల్లుడు,
ఉమేష్

*

గద్వాల,
17 ఆగస్టు

అరేయ్ ఉమేష్,

ఆశీర్వాదాలు. కోపంల గూడ ఆశీర్వాదం రాయాలె, అది మా నాయిన నేర్పిన పద్ధతి.

నాకు నీలెక్క పుస్తకం భాష రాదు, మాట్లాడినట్టే రాస్త. నువ్వు క్షమాపణ రాసినవా, నన్ను ఇంకోపారి బజార్ల నిలవెట్టినవా? మీ అత్తకు చదివి వినిపిచ్చిన. ప్లాస్టిక్ కుర్చీ కాడ ఆమె గూడ నవ్వింది. ఇంట్ల గూడ నాకు మర్యాద లేకుంట చేసినవు.

నీకేం తెల్సురా యాపారం? పిల్లలకు బోర్డు మీద లాభం నష్టం రాసుడు వేరు, లాభం తెచ్చుడు వేరు. హైదరాబాద్ల నాగేశ్ అని పెద్ద బట్టల దుకాణం ఆయన. మొదటిసారి మనకు చీరలు చెప్పిండు. దసరా లోపట అందియ్యాలె. అందియ్యకుంటె మల్ల మన మొకం చూస్తడా? ఈ నెల ఒక అమాస, వచ్చే నెల పెత్రమాస. గా రెండు దినాలు మగ్గాలు పండుకుంటె నేను లేవ. గురూజీ ఏం తప్పు చెప్పిండు? రాముడు ముందర నడిచిండు, వానరులు ఎనక నడిచిన్రు. గంతే గద.

ఇంకొక మాట. మీ అమ్మ తరఫున నువ్వు మాట్లాడుడు బంద్ చెయ్. మా అక్కను నాకంటె నువ్వు ఎక్వ ఎరుగవు. అమాస నాడు నేసుడు గురించి ఆమెకు ముందరే చెప్పిన. ఒక్క మాట అనలే. ఒప్పుకున్నట్టే గద? పైకెల్లి 'సేవా లక్ష్మణ' అని ఆమెకు అద్దాల షీల్డ్ గూడ చేయిపిచ్చిన. తీస్కపోయి కిటికీల పెట్టుకున్నది. అక్కా తమ్ముళ్ళం మేము మంచిగనే ఉన్నం. మధ్యల నువ్వే మంథరలెక్క తయారైనవు.

23 తారీఖు అమాస. మగ్గాలు నడుస్తయి. నువ్వు గద్వాల దిక్కు రాకు.

మీ మామ,
నరేందర్

*

నాగర్‌కర్నూల్,
20 ఆగస్టు

మామయ్య గారికి మంథర నమస్కరించి రాయునది.

పదవి ఇచ్చినందుకు కృతజ్ఞతలు. అమ్మకు లక్ష్మణ, నాకు మంథర. పాపం నాన్నకే ఏమీ రాలేదు. అదే మగ్గం మీద అమ్మ పక్కన కూర్చుని గోపాలయ్య అనే మనిషి కూడా నేస్తున్నాడని తమకు ఎవరైనా చెప్పారో లేదో. చీర ఒంటికి నూలు, అంచుకు పట్టు. ఒకరు పోగున్న నాడె విసిరితే ఇంకొకరు అంచు దగ్గర అందుకుని పోగుకు పోగు మెలిపెట్టాలి. గద్వాల చీర ఒక్కరి చేతిలో కాదు. ఇది తమకు నేను చెప్పడమా! కాలేజీలో కూడా ఇంత సిగ్గుపడి పాఠం చెప్పను.

వాళ్ళిద్దరూ అటూ ఇటూ నాడె ఆడిస్తుంటే నాకు పాలసముద్రం చిలకడమే గుర్తొస్తుంది. తమ గురువు ఆ కథ జోలికి పోలేదు, గమనించారా? తాడు రెండు పక్కలా లాగారు. పాము తల వైపు నిలబడ్డవాళ్ళకు బుసలు, సెగ. అమృతం రాగానే గరిటె ఇంకెవరి చేతిలోకో పోయింది. బంతిలో కూర్చుని చూస్తుండగానే కుండ ఖాళీ. మధ్యలో దూరి చెయ్యి చాచినవాడికి తల తెగింది. చిలికేటప్పుడు అందరమూ ఒకటే, వడ్డించేటప్పుడే వరుసలు మారతాయి. పురాణం ఇది నేర్చుకోమని చెప్పలేదు మామా, జాగ్రత్తపడమని చెప్పింది. తమ గురువు మాత్రం మొదటి సగం చెప్పి ఫీజు తీసుకుని పోయాడు.

అమ్మ ఒక్క మాట అనలేదు కనుక ఒప్పుకున్నట్టే అని రాశారు. ఫోన్ చేసి అడిగాను.

"ఎందుకమ్మా ఊకున్నవ్?"

"తమ్ముడు చెప్పిండురా, అడగలే. అడిగితె నేను గూడ చెప్తుంటి."

అంతే. నూలు కండెలు చుట్టాలని ఫోన్ పెట్టేయబోయింది. షీల్డు ఎట్లా ఉందన్నాను. "మంచిగున్నది. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుండె, అడ్డం పెట్టిన" అంది.

తమ సేవలో,
కైకమ్మ గారి ఆంతరంగిక కార్యదర్శి,
ఉమేష్

*

గద్వాల,
25 ఆగస్టు

ఉమేష్‌కు మామ రాసేది.

ఆశీర్వాదాలు గీర్వాదాలు ఏం లేవు ఈసారి.

నా పరువు తీసినవు గదరా! అమాస నాడు అందరు ఒచ్చిన్రు. ఒక్కరు గూడ తప్పలే. నేను సంబరపడ్డ, గురూజీకి ఫోటో గూడ పంపిన. అందరు గుంతలల్ల దిగిన్రు, చేతులు కట్టుకోని కూసున్నరు. ఒక్క నాడె కదులలే.

"ఏమైంది మాసయ్యా?" అన్న.

"ఏం గాలే షావుకారి. మేము హనుమంతులం గద. హనుమంతునికి వాని బలం వానికి తెల్వదు. సముద్రం ఒడ్డుకు గిట్లనే కూసున్నడు. జాంబవంతుడు ఒచ్చి యాది చేసినంకనే లేసిండు. మీరు గూడ జర యాది చేయుండ్రి, లేస్తం."

పరాష్కం అనుకున్న. నవ్విన. ఎవ్వరు నవ్వలే. సరే తియ్ అని, "మాసయ్యా, నువ్వు మంచిగ నేస్తవు" అన్న.

"గంతేనా? జాంబవంతుడు గంతే అన్నడా? నీ తండ్రి ఫలానా, నీ తల్లి ఫలానా, చిన్నప్పుడు సూర్యున్ని పండనుకోని ఎగిరినవు అని మొత్తం చెప్పిండు. మా నాయిన పేరు చెప్పుండ్రి షావుకారి."

నాకు రాలేదురా. ఆ ముసలాయిన పానం ఉన్నన్ని దినాలు మా నాయిన దగ్గర నేసిండు. నన్ను సైకిల్ మీద బడికి తోల్కపోయిండు. నేను 'తాతా' అనే పిలుస్తుంటి. పేరు నాలిక మీద ఆడుతుంది, బయటికి రాదు. అందరు నా నోటి దిక్కే చూస్తున్నరు. ఆఖరుకు మాసయ్య భార్యనే చెప్పింది, "గోవిందు" అని. నేను గూడ "గోవిందు" అన్న. అప్పుడు మాసయ్య నాడె విసిరిండు. ఒక్కపారి. "గిది మా నాయినకు. ఇగ నాది చెప్పుండ్రి" అని మల్ల చేతులు కట్టుకున్నడు!

గిట్ల మగ్గం మగ్గానికి. ఒకామెను "నీ అంచుల హంసలు శాన బాగుంటయి" అన్న. "నేను హంసలు ఎన్నడు నెయ్యలే షావుకారి, నావి నెమళ్ళు. హంసలు ఆ మూల మగ్గానియి" అన్నది. పగటి బువ్వ యాళ్ళ దాటింది, దీపాల యాళ్ళ అయింది. అందరిది కలిపితె జానెడు బట్ట లేదు. నా గొంతు పోయింది. మిరియాల కషాయం తాగుకుంటనే ఇది రాస్తున్న.

ఆఖరుకు మీ అమ్మ దగ్గరికి పోయిన. ఏమన్నదో ఎరుకేనా? "నా తండ్రి పేరు నీకు తెల్వదారా తమ్మీ? నాకేం చెప్తవు తియ్. పోయి మంచినీళ్ళు తాగు."

గీ ఆలోచన నేసెటోళ్ళది గాదు. నీదే. గంత పురాణం మాసయ్యకు ఎక్కడిది? నిన్ను ఊకె ఇడువ. ఇంకోటి గూడ ఇను. మీ అమ్మ మగ్గం ఆడికెల్లి తీసేపిస్తున్న. మనుషులను గూడ మాట్లాడిన.

నరేందర్

*

నాగర్‌కర్నూల్,
29 ఆగస్టు

మామా,

ఈసారి మహారాజశ్రీ లేదు. తమరు కూడా లేరు. నువ్వే ఉన్నావు.

మా అమ్మ మగ్గం తీసేస్తావా? నీ దుకాణం తెరిచిన రోజు గాజు బీరువాలో పెట్టడానికి ఒక్క చీర లేకపోతే, తన పెట్టెలోని చీర తెచ్చి పెట్టింది ఎవరు? రాముడిలా ఉండాలనుకున్నావు, బాగుంది. ఇంటి ఆడమనిషిని అడవికి పంపిన చోటు నుంచే మొదలుపెట్టాలా? మిగతా కథలో నీకు పనికొచ్చే గుణం ఒక్కటీ దొరకలేదా?

జాంబవంతుడి సంగతికి వస్తాను. అది నా ఆలోచన కాదు. ఆ కథ చెప్పింది నీ గురువే. 'జాంబవంతుడే మొట్టమొదటి మేనేజరు' అని తెర మీద ఎలుగుబంటికి కోటు తొడిగి మరీ చూపించాడు. అప్పుడు నువ్వు హాలు బయట బజ్జీల దగ్గర ఉన్నావు. మాసయ్య మాత్రం శ్రద్ధగా విన్నాడు. పాఠం ఇంత బాగా ఒంటబట్టిన విద్యార్థి నా క్లాసులో ఒక్కడుంటే నేను ఊరంతా మిఠాయి పంచేవాణ్ణి. నువ్వేమో వాడికి పురాణం ఎక్కడిదని అడుగుతున్నావు! మన వాడకట్టులో పురాణం చెప్పించిన ప్రతిసారీ తెల్లారేదాకా కూర్చునేది ఎవరు, నువ్వా? పురాణం నీ గురువు హైదరాబాదు నుంచి కారులో తెచ్చిన సరుకు కాదు మామా. అది వాళ్ళ ఇంట్లోనే ఉంది. నువ్వు వాళ్ళ సొమ్మే వాళ్ళకు అమ్మబోయావు, వాళ్ళు నాణ్యం చూసి అడిగారు.

వచ్చే నెల పెత్రమాస. పెద్దలకు బియ్యమిచ్చే రోజు. నువ్వు తలస్నానం చేసి, పట్టుపంచె కట్టి తాత పేరు మీద బియ్యమిస్తావు. అదే పూట ఆయన కూతురు గుంతలో కాళ్ళు పెట్టి నీ ఆర్డరు నేయాలి. ఆయన నీ ఒక్కడికే తండ్రా? సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఆడవాళ్ళు పూలు ఎప్పుడు తెచ్చుకోవాలి, వానరసేన డ్యూటీ దిగాకనా?

మగ్గం మీద చెయ్యి పడితే నేను గద్వాల వస్తాను. రావద్దని రాసినా వస్తాను. కాలేజీకి సెలవు పెట్టి వస్తాను. మాకు సెలవులున్నాయి.

ఉమేష్

*

గద్వాల,
15 సెప్టెంబరు

అల్లుడూ,

ఆశీర్వాదాలు. ఈసారి నిజంగనే.

నీ జాబు చదివి మీ అత్త నా ముందర పెట్టింది. "మగ్గం ఎందుకు తీస్తున్నవో పోరనికి రాసినవా?" అన్నది. రాసిననే అనుకున్న. కోపంల సగమే రాసిన ఉన్నట్టున్న.

అమాస నాడు మీ అమ్మ మగ్గం కాడ వంగి నిలవడితె నా కాలు సర్రున జారింది. చెయ్యి పెట్టి చూస్తె గుంత అంచంత తడి. గోడ అవతల మోరి నీళ్ళు లోపటికి ఊరుతున్నయి. "ఎప్పటికెల్లి అక్కా?" అంటె, "వానలు పడ్డప్పటికెల్లి" అన్నది. "నాకు చెప్పొద్దా?" అన్న. "నువ్వడిగితివా?" అన్నది. గందుకే ఆ మూలకెల్లి తీపిచ్చి, దుకాణం ఎనక అర్రల ఎత్తు మీద కొత్త గుంత తవ్విపిచ్చిన. పక్కకే పెద్ద కిటికీ. మీ నాయిన, "ఇన్నేండ్లకు నా కాళ్ళు నాకు కనవడ్డయి బామ్మర్దీ" అన్నడు. నువ్వేమో నన్ను సీతమ్మను అడవికి పంపినోన్ని చేస్తివి.

ఇగ అసలు ముచ్చట. ఆర్డర్ సంగతి నాకు నిద్ర లేకుండె. మొన్న నాగేశ్ సారు తనంతట తనే ఫోన్ చేసిండు. "నరేందర్ గారూ, మీరన్నట్టే కానివ్వండి. దీపావళి దాటాక పంపండి, కంగారేం లేదు" అన్నడు. నేనేమన్న? నేను ఏం అనలే! నా నోటికెల్లి మాట రాకముందే సంకటం గట్టెక్కింది. గురూజీకి చెప్తె, "నీ సంకల్పం పోయి అవతలి మనిషి మనసుల పడ్డది. అదే హనుమంతుని బలం" అన్నడు. నువ్వు నవ్వుతవు, ఎరుకే. నవ్వు. ఫలితం నా కండ్ల ముందర ఉన్నది.

గందుకే ఈ పెత్రమాసకు అందరికి సెలవు ఇచ్చిన. గురూజీ దయ. మా నాయినకు బియ్యం అక్క, నేను కలిసే ఇస్తం. దీపావళి అమాసకెల్లి మాత్రం మగ్గాలు మల్ల నడుస్తయి. సంకల్పం మధ్యల తెగొద్దట.

దసరా అయినంక వనపర్తిల గురూజీ రెండో పాఠం పెట్టిపిస్తున్న. హాల్ మాట్లాడిన. పాఠం పేరు 'అడగకుండనే అందుకో'. నువ్వు రావాలె, ముందర వరుసల కూసోవాలె, నోరు మూస్కోవాలె. అది ఇన్నంకనే నీ నంబర్ ఇడుస్త.

మీ మామ,
నరేందర్

*

నాగర్‌కర్నూల్,
18 సెప్టెంబరు

మామా,

మగ్గం విషయంలో నిన్ను నానా మాటలూ అన్నాను. తప్పు నాది. నాన్న కాళ్ళు నాన్నకు కనిపించాయన్న వాక్యం మా స్టాఫు రూములో రెండుసార్లు చదువుకున్నాను. దీనికి ఇంతకంటే అలంకారాలు పెట్టను.

కానీ 'అడగకుండనే అందుకో' అన్న పేరు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. రాముడు ఏం చేశాడు మామా? చేతిలో విల్లుంది. వెనక సైన్యముంది. సముద్రం అవతల భార్య ఏడుస్తోంది. అంత తొందరలో కూడా ముందు దర్భలు పరుచుకుని, సముద్రాన్ని దారి ఇమ్మని అడిగాడు. బాణం తీసింది ఆ తర్వాత. చివరికి వారధి కట్టే ఉపాయం చెప్పింది కూడా ఆ సముద్రుడే. నీ గురువు వారధి చెప్పాడు, రాళ్ళు మోసిన వానరులను చెప్పాడు, అడిగిన సంగతి మాత్రం మింగేశాడు. ఎందుకు చెబుతాడు? అడగడం నేర్పితే ముందు పనోళ్ళే అడుగుతారు.

నువ్వు మాసయ్యను అమాస వదులుకోమన్నావు. నీ అక్కనూ అదే వదులుకోమన్నావు. పెద్దల పండుగను కూడా వదులుకోబోయావు. అసలు చీరలు ఎప్పటికి కావాలని నాగేశ్‌ను ఒక్కసారైనా అడిగావా? ఇప్పుడు వచ్చిన గడువును కూడా ఆ కోటు తొడిగిన ఎలుగుబంటి ఖాతాలో రాసి, దీపావళి అమాసను మళ్ళీ మింగుతానంటున్నావు. ఇక ఊరుకుంటే లాభం లేదు.

మాసయ్యకు నేనేమీ నూరిపోయలేదు. జాంబవంతుణ్ణి నేను పంపలేదు. అమ్మను మాట్లాడమనలేదు, ఊరుకోమననూ లేదు. చేసింది ఒక్కటే. వినాయకుడి నిమజ్జనం తర్వాతి సోమవారం స్టాఫు రూము తలుపేసుకుని నాగేశ్‌కు ఫోన్ చేశాను. దుకాణం నంబరు పట్టుకోవడం కష్టమేమీ కాలేదు. చేసింది నా గొంతుతో కాదు, నీ గొంతుతో. ముందు రెండుసార్లు దగ్గి, "ఆఁ, నమస్తే సార్, గద్వాల నరేందర్‌ను. తిన్నరా?" అన్నాను. కొత్త నంబరేమిటని అడిగాడు. "పాత నంబర్ల మా అల్లుడు సతాయిస్తుండు సార్" అన్నాను. ఆయన నవ్వాడు. చీరలు దీపావళి దాటాక పంపితే నడుస్తుందా అంటే, "అయ్యో, నాకు కావలసింది కార్తీకంలో పెళ్ళిళ్ళకు. దసరా అని మీరే అన్నారు, పట్టుదల గల మనిషనుకుని సరే అన్నాను" అన్నాడు.

అక్కడితో పెట్టేసినా పనయ్యేది. కానీ ఆయన ఊరికే, మాటవరసకు, "మరి ఇప్పుడెందుకు ఆలస్యం?" అని అడిగాడు. నీ గొంతులోనే ఉన్నాను కదా, నువ్వు చెప్పవలసిన జవాబే చెప్పాను. అది విని, "మంచి మాటన్నారు, మీరన్నట్టే కానివ్వండి. లెక్కలు చూసుకుని మీ పాత నంబరుకే ఫోన్ చేసి ఖాయం చేస్తాను" అన్నాడు. కనుక నాగేశ్ దృష్టిలో అది నీ మాటే. నిలబెట్టుకుంటావో, అన్నది నేను కాదు మా అల్లుడని ఫోన్ చేసి చెప్పుకుంటావో నీ ఇష్టం. నేను అన్నది ఇదీ:

"మా అక్క అమాస నాడు మగ్గం గుంతల దిగదు సార్. దిగమని నేను చెప్ప."

ఇట్లు,
ఉమేష్